మత్తు విప్పిన నోరు

గడియారాల రిపేరు షాపులో ఓ పెద్దాయన ఇచ్చి వెళ్లిన పాతకాలపు జేబు గడియారం మాయమై తొమ్మిది రోజులైంది. తీసింది షాపు యజమాని బామ్మర్ది. ఆ సంగతి బామ్మర్దికి తప్ప నరమానవుడికి తెలియదు.

నలుగురు మెకానిక్కులు పెదవి విరిచిన ఆ గడియారాన్ని వారం రోజులు కుస్తీపట్టి నడిపించింది తనే. తీరా అది టిక్కుటిక్కుమన్నాక ఇచ్చేయడానికి మనసొప్పలేదు. బావేమో షాపు ఊడ్చే ఆవిడ మీద అనుమానపడి, పనిలోకి రావద్దన్నాడు. అప్పట్నుంచీ బామ్మర్దికి ముద్ద దిగడం లేదు. దిగిందల్లా పుల్లటి తేన్పులై పైకి తన్నుతోంది.

సరిగ్గా అప్పుడే ముక్కు ఆపరేషన్ తేదీ వచ్చిపడింది. ముక్కులోపలి గోడ వంకర. బుద్ధెరిగినప్పట్నుంచీ నోటితోనే గాలి పీలుస్తున్నాడని అక్క పట్టుబట్టి ఖాయం చేయించింది.

"పూర్తి మత్తు ఇస్తారట్రా," అన్నాడు బావ, చిన్న స్క్రూ బిగిస్తూనే బామ్మర్ది వైపు ఓరకంట చూసి. "మత్తులో మనిషి కడుపులో ఏదీ దాగదు. మా మేనమామ అలాగే, మత్తు దిగుతూ దిగుతూ పెళ్లికి ముందు ముచ్చట్లన్నీ మా అత్తకే చెప్పేశాడు!"

బామ్మర్ది గుండె జారింది. తప్పించుకోవడానికి ఒక్కటే దారి కనిపించింది. తేన్పులు!

ఆపరేషన్ రోజు పొద్దున్నే మత్తు డాక్టరమ్మ రాగానే ఏకరువు పెట్టాడు.

"పడుకుంటే గొంతుదాకా మంటండీ. వంగితే నోట్లోకి పులుపు. ఇలాంటివాడికి మత్తిస్తే ప్రమాదం కదండీ? వాయిదా వేసేద్దామా?"

"చెప్పి మంచి పని చేశారు. దాచిపెడితేనే ప్రమాదం. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెలిసింది కాబట్టి మా జాగ్రత్తలో మేముంటాం. రాత్రి నుంచి ఏమీ తినలేదుగా?"

"లేదండీ," అన్నాడు నీరసంగా. నమ్ముకున్న తేన్పులు కూడా నట్టేట ముంచాయి.

గౌను తొడిగి, థియేటర్ పక్కగదిలో తలవైపు ఎత్తు పెట్టిన మంచం మీద పడుకోబెట్టారు. నర్సు చేతికి సూది గుచ్చి, మందు ఎక్కించింది.

"కళ్లు మూసుకోండి. కాసేపట్లో హాయిగా ఉంటుంది."

'నోరు విప్పకూడదు, నోరు విప్పకూడదు' అని జపం చేసుకుంటుండగానే, రాత్రంతా కునుకెరగని కళ్లు మూతలు పడ్డాయి.

మెలకువ వచ్చేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. ముక్కు దూది కుక్కినట్టు బిగుసుకుపోయి ఉంది. ఒక చేతికి సూది. రెండో చేయి పట్టుకుని బావ కూర్చున్నాడు.

"అయిపోయిందా బావా?"

"నీ పనే అయిపోయింది. గడియారం సంగతి అంతా చెప్పేశావు కదరా!"

బామ్మర్దికి కళ్లనీళ్లు తిరిగాయి.

"అమ్ముకుందామని కాదు బావా, ఒట్టు! అది నడుస్తుంటే వినాలనిపించింది. అంతే. ఆవిరి పట్టే మిషన్ డబ్బాలో దాచాను. ఆవిడ ఏ పాపం ఎరగదు. ముందు ఆవిణ్ణి పిలిపించు. తర్వాత నన్నేం చేసినా సరే."

బావ ఫోన్ తీసి పెళ్లాంతో మాట్లాడాడు. డబ్బా తెరిపించాడు. గడియారం దొరికింది. తర్వాత ఊడ్చే ఆవిడకి చేశాడు.

"తప్పు నాదేనమ్మా. రేపట్నుంచి పనిలోకి రా," అని ఫోన్ పెట్టేసి, బామ్మర్ది వైపు తిరిగాడు. "దాన్ని బతికించింది నువ్వేనని ఆ పెద్దాయనకి నేనే చెప్తాను. కానీ తీసుకెళ్లి ఇచ్చేది మాత్రం నువ్వే. క్షమాపణ కూడా నువ్వే చెప్పుకోవాలి."

బామ్మర్దికి తొమ్మిది రోజుల తర్వాత గుండె తేలికపడింది.

"ఆ మత్తుమందు చల్లగుండ బావా! లేకపోతే ఈ జన్మలో నా నోరు పెగిలేది కాదు."

బావ కిటికీ వైపు చూస్తూ మీసం దువ్వుకున్నాడు.

ఇంతలో నర్సు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చింది.

"తేన్పులకిచ్చిన ఇంజెక్షన్ బాగా పనిచేసినట్టుందే! గంటసేపు గురక తప్ప మీ నోట ఒక్క మాట లేదు. పదండి సార్, ఇక మత్తు ఇవ్వాలి."