కత్తెర పిట్ట

నీళ్లు చిమ్మే సీసా బుస్సుమంది. అంతే, చిన్నరాములు కుర్చీలోంచి దూకి వచ్చి తల్లి కొంగు పట్టుకున్నాడు.

మొగులయ్య నాలుక కరుచుకున్నాడు. సీసాను తీసుకెళ్లి దుకాణం బయట పెట్టి వచ్చాడు.

“నా తప్పే అక్కా. యాదికి లేకపాయె.”

సంగమ్మ కొడుకు వీపు నిమిరింది. నోరు తెరిస్తే చాలా అనాల్సి వస్తుంది. పొద్దుటి నుంచి ఇది మూడో దుకాణం. మొదటిదాంట్లో కరెంటు మిషన్ చప్పుడుకే వాడు రోడ్డు మీదికి ఉరికాడు. రెండోదాంట్లో ఇద్దరు కలిసి వాడి రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నారు. చెవి వెనక గాటు పడింది. మెడ మీద నెత్తురు ఇంకా పూర్తిగా ఆరలేదు. అప్పుడు ఆమెకు మొగులయ్య గుర్తొచ్చాడు. ఒకప్పుడు కర్దనూర్‌లో వాళ్ల ఇళ్లకు వచ్చి క్షవరం చేసేవాడు. ఇప్పుడు ఇస్నాపూర్‌లో రేకుల కింద దుకాణం పెట్టుకున్నాడు.

కొడుకు జుట్టు కళ్ల మీద పడుతోంది. చెవులు కనబడటం లేదు. ఈ ముఖం ఫొటోకు పనికిరాదని స్టూడియో అతను నిన్న తిప్పి పంపాడు. రేపు సంగారెడ్డిలో డాక్టర్లు వాణ్ణి చూసి, గ్యాసు వల్లే ఇలా అయ్యాడని కాగితం రాసిస్తారు. కాగితం మీద ఫొటో ఉండాలి. రేపు తప్పితే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో, అసలు పిలుస్తారో లేదో. కాగితం లేకపోతే ఫ్యాక్టరీవాళ్లు చెప్పిందే నిజమై కూర్చుంటుంది.

రెండేళ్ల కిందట ఫ్యాక్టరీలో పైపు పగిలి గ్యాసు చిమ్మినప్పుడు వాడు అక్కడే ఉన్నాడు. ఆ పొద్దున సద్ది గిన్నె చేతికిచ్చి పంపింది తనే. మూడు నెలలు మంచంలో ఉన్నాడు. లేచేసరికి మాటలు సగం పోయాయి. బుస్సుమనే చప్పుడు ఏది విన్నా మంచం కిందికి దూరడం మాత్రం మిగిలింది. నష్టపరిహారం అడగడానికి పోతే మేనేజరు కాగితాల్లోంచి తల ఎత్తలేదు. మీవాడు లోపలికి ఎందుకొచ్చాడో మాకేం తెలుసు అన్నాడు. ఆ మాట విన్న రోజు నుంచి సంగమ్మ పళ్లు బిగించుకునే నిద్రపోతోంది.

గోడ వారగా బల్ల మీద ఒక మనిషి గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాడు. ఒంటి మీద ఖాకీ అంగీ. రెండో షిఫ్టు తొందర. వాచీ చూసుకున్నాడు.

“గింత గారాబమేందమ్మా? రెండు తగిలిస్తే సక్కగ కూసుంటడు.”

సంగమ్మ అతని వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

“తగిలిచ్చెటోళ్లు ఎప్పుడో తగిలిచ్చిండ్రు. ఇగ నువ్వొక్కనివే తక్కువ. నీ గడ్డం సంగతి నువ్వు సూసుకో.”

కుర్చీ చేతుల మీద అడ్డంగా వేసి పిల్లల్ని కూర్చోబెట్టే చెక్క మూలన ఉంది. మొగులయ్య దాని జోలికి పోలేదు. అసలు కుర్చీయే వద్దన్నాడు. నేల మీద చాప పరిచాడు. సంగమ్మను గోడకు ఆనుకొని కూర్చోమని, వాడి తల ఆమె ఒడిలో పెట్టించాడు. అద్దం మీద తువాలు కప్పాడు. కత్తెర చూపించలేదు. ముందు దాని చప్పుడు మాత్రం వినిపించాడు. తలుపు దగ్గర ఒకసారి, కుర్చీ వెనక ఒకసారి, తర్వాత ఇంకాస్త దగ్గరగా.

“వీని పుట్టెంటికలు తీసింది గూడ నేనే గదా అక్కా. అప్పుడూ గిట్లనే. పిట్ట కత చెప్తెగాని ఊకోలే.” చాప పక్కన గొంతుక్కూర్చున్నాడు. “చిన్నా, గిది కత్తెర కాదు, పిట్ట. యాడ వాలాల్నో నువ్వే చెప్పు.”

వాడు ఒక కన్ను తెరిచాడు. వేలెత్తి తల్లి తల చూపించాడు.

బల్ల మీది మనిషి పకపకా నవ్వాడు. మొగులయ్య కత్తెర దించేశాడు. సంగమ్మ కొప్పు ముడి లాగింది.

“కొయ్యి.”

“ఆడోళ్ల ఎంటికలు గిట్ల కోసుడు మంచిది గాదక్కా.”

“మంచి ఏం మిగిలింది తమ్మీ, సెడెటందుకు? కొయ్యి.”

ఒక పాయ తెగింది. నవ్వు ఆగిపోయింది. సంగమ్మ ఆ పాయను కొడుకు అరచేతిలో పెట్టింది. వాడు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. నెత్తురు లేదు. తల్లి ముఖం చూశాడు. ఏడవడం లేదు. పాయను పిడికిట్లో బిగించి, తనే తల ముందుకు వంచాడు.

పిట్ట నుదుటి మీద వాలింది. మెడ మీద వాలింది. గాటు దగ్గరికి వచ్చినప్పుడు మొగులయ్య కత్తెర మొనకు తన వేలు అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలో ఫ్యాక్టరీ సైరన్ మోగింది. సంగమ్మ రెండు చేతులతో వాడి చెవులు మూసింది. అది ఆగేదాకా కత్తెరా ఆగింది. గంట పట్టింది. వాడు ఒక్కసారి కూడా ఏడవలేదు.

మొగులయ్య లేచి గిన్నెలో వేడినీళ్లు పోసి, సబ్బు నురుగు గిలక్కొట్టాడు. ఇప్పటికైనా తన వంతు వచ్చిందని ఖాకీ మనిషి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. మెడ వెనక్కి వాల్చి గడ్డం పైకెత్తాడు.

మొగులయ్య అతన్ని దాటుకుని చాప దగ్గరికి వచ్చాడు. నురుగు మరీ వేడిగా లేదు కదా అని ముందు తన చెంప మీద చూసుకుని, చిన్నరాములు నెరుస్తున్న గడ్డానికి మెల్లగా రాశాడు.