పద్నాలుగు అక్షరాల మాట

“మళ్ళీ తప్పాడా?” అంది ప్రిన్సిపాల్, జవాబు పత్రం అందుకుంటూ.

“ఒక్క మార్కులో పోయిందండీ,” అన్నాడు జర్మన్ మాస్టారు, ఆ ఒక్క మార్కూ తన జేబులోంచే జారిపోయినట్టు.

“మొదటి తరగతిలో ఒకే మనిషి మూడుసార్లు తప్పితే లోపం ఆయనదో మనదో చూసుకోవాలి కదండీ. ఇంకో పరీక్ష పెట్టండి. అదీ పోతే ఈ తరగతి వేరేవాళ్ళకి అప్పగిస్తాను.”

తప్పిన ఆ ఫారెస్టు గార్డు గురించి మాస్టారు అప్పటికే ఊరంతా టముకు వేసుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, శని ఆదివారాలు అడవిలోంచి రెండు గంటలు బస్సులో వస్తాడు. అందరికంటే ముందొచ్చి బల్లలు తుడుస్తాడు. విరామంలో తోటివాళ్ళ పిల్లల చదువులు, పెద్దల మోకాళ్ళ నొప్పులు పేరుపేరునా అడుగుతాడు. అందరికంటే ఆఖర్న వెళ్తాడు.

“నా పాఠంలో ఏదో ఉంది, లేకపోతే అంత దూరం ఎందుకొస్తాడు?” అని మాస్టారు ఇంట్లో అంటే, “చెవుడేమో కనుక్కున్నారా?” అంది భార్య.

గార్డుని ముంచేది ప్రతిసారీ ఒకటే ప్రశ్న. మాస్టారికి ప్రాణమైన మాట, వాల్ట్‌ఐన్‌జామ్‌కైట్. స్పెల్లింగు రాసి అర్థం చెప్పాలి. అది లేకుండా ఆయన ప్రశ్నపత్రం తయారయ్యేది కాదు.

ఆ ఆదివారం గార్డుని విడిగా కూర్చోబెట్టుకున్నాడు.

“వాల్ట్ అంటే అడవి. ఐన్‌జామ్ అంటే ఒంటరి. కైట్ అంటే మన ‘తనం’ లాంటిది. మూడూ అతికించి ఒకే మాటగా రాస్తారు, పద్నాలుగు అక్షరాలు. అడవిలో ఒక్కడే ఉన్నప్పుడు మనసుకి కలిగే హాయి. దీన్ని ఒక్క ముక్కలో చెప్పే మాట మనకి లేదు.”

ఈ వాక్యాల దగ్గర మాస్టారు కళ్ళు మూసుకోవడం అలవాటు.

“మీరెప్పుడైనా అలా ఉన్నారా సార్?”

“పుస్తకాల్లో చాలాసార్లు.”

నిజానికి ఆయన ఇంట్లో ఒక్కడే ఉంటే వంటింట్లో కూడా లైటు వేసుకునే రకం. పార్కులో జనం పల్చబడితే చెప్పులు వెతుక్కునే రకం.

మాస్టారు లేచి, బోర్డు మీద ఆ మాటని ఈ చివర నుంచి ఆ చివరకి వయ్యారంగా రాశాడు.

“సార్, చివర్లో ‘ఈ’ అక్షరం ముందు, ‘ఐ’ తర్వాత రావాలి. మీరు తిరగేశారు. అలా అయితే కీట్ అని చదవాలి,” అన్నాడు గార్డు మెల్లగా.

మాస్టారు బోర్డు చూశాడు. చెవులు వేడెక్కాయి.

“మీరు పట్టుకుంటారా లేదా అని చూశాను,” అని గబగబా తుడిచేశాడు. సిగ్గు ఒక పక్క, సంతోషం ఒక పక్క. “ఇంకేం, గట్టెక్కినట్టే. పాసైతే మీకీ బస్సు బాధ ఉండదు. రెండో తరగతి పాఠాలన్నీ ఫోన్లోనే. అడవిలో మీ గదిలోనే హాయిగా వినొచ్చు.”

“అవును సార్,” అని గార్డు తల దించుకున్నాడు. పరీక్ష భయం కాబోలు అనుకున్నాడు మాస్టారు.

“నా తప్పే పట్టేశాడు, తెలుసా?” అని ఇంటికెళ్ళి చెప్తే, “మీ తప్పు పట్టడానికి జర్మన్ కూడా రావాలా?” అంది భార్య.

తర్వాతి ఆదివారం పరీక్ష. గార్డు రాసిచ్చిన కాగితం చూసి మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు. మాట చివర్న కీట్ అని ఉంది. అర్థం దగ్గర, ‘అడవిలో మొలిచే ఒక రకం పుట్టగొడుగు’ అని ఉంది.

గార్డుని లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

“పోయిన వారం నన్ను దిద్దింది మీరే. ఇవాళ పుట్టగొడుగు అంటున్నారు. నాకు పాఠం చెప్పడం రాదని మొహమాటపడకుండా చెప్పెయ్యండి. ఎలాగూ రేపటి నుంచి ఈ తరగతి నాది కాదు.”

గార్డు ఉలిక్కిపడ్డాడు. “మీది కాకపోవడమేంటి సార్?”

“మీరు తప్పితే నన్ను తీసేస్తామన్నారు.”

గార్డు కాగితం తనవైపు లాక్కుని రాసింది కొట్టేశాడు. కింద పద్నాలుగు అక్షరాలూ ఆగకుండా రాశాడు. అర్థం కూడా జర్మన్‌లోనే, నాలుగు వాక్యాల్లో రాశాడు. మాస్టారు ఎర్ర కలం పట్టుకుని రెండుసార్లు వెతికాడు. దిద్దడానికి ఒక్క అక్షరం దొరకలేదు. తనైనా అంత బాగా రాయగలడా అంటే అదీ అనుమానమే.

“ఇంత వచ్చి మూడుసార్లు ఎందుకు తప్పారండీ?”

బయట వరండాలో తోటివాళ్ళు గార్డు కోసం ఎదురుచూస్తూ నవ్వుకుంటున్నారు. ఆయన అటే చూస్తూ కలానికి మూత పెట్టాడు.

“పాసైతే మళ్ళీ ఒక్కణ్ణే కదా సార్.”