పెదనాన్నకు వేసిన కుర్చీ

"పళ్ళు తోమడానికి రెండేళ్ళ చదువటే! మాకెవరు నేర్పారే?" అన్నాడు పెదనాన్న, కాలేజీ మెట్లెక్కుతూ.

తమ్ముడి కూతురు నవ్వింది. ఇవాళ దానికి డెంటల్ హైజీనిస్టు కోర్సులో ఆఖరి పరీక్ష.

"తోమడం కాదు పెదనాన్నా, శుభ్రం చెయ్యడం. ప్యాసైతే క్లినిక్కులో ఉద్యోగం రెడీగా ఉంది. ఇవాళ తప్పితే మళ్ళీ ఏడాది ఆగాలి. వాళ్ళు అన్నాళ్ళు ఆగరు."

"జీతమెంతేమిటి?"

చెప్పింది. హెడ్ క్లర్కుగా ఆయన రిటైరైన నాటి జీతానికి సరిగ్గా రెట్టింపు. పెదనాన్నకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఐదేళ్ళు ఫైళ్ళతో కుస్తీ పట్టినవాడికి అంత, ఊళ్ళోవాళ్ళ ఎంగిలి నోళ్ళు కడిగేదానికి ఇంతానా! ఖర్మ!

అయినా వచ్చాడు. రాక చస్తాడా, అది అంతలా బతిమాలింది మరి. పోయిన నెల చుట్టాల ఇళ్ళన్నీ చుట్టబెట్టింది. వెళ్ళిన ప్రతిచోటా జోకులు చెప్పి అందరినీ పగలబడి నవ్వించింది. చివరికి ఈయన దగ్గరికొచ్చి, "పరీక్షకు నా వెంట ఒకరు రావాలి. మన వంశం మొత్తంలో మీ తర్వాతే ఎవరైనా పెదనాన్నా" అని కాళ్ళావేళ్ళా పడింది. "అప్పటిదాకా ఉన్నవారు ఉన్నట్టే ఉండండి, చాలు" అంది. పెద్దరికమంటే ఏమిటో ఇంట్లో దీనికొక్కదానికే తెలుసు.

హాల్లో వరసగా పది కుర్చీలు. పక్క కుర్చీ అమ్మాయి ఎవడో నిగనిగలాడే కుర్రాణ్ణి తెచ్చుకుంది. ఎగ్జామినరు ఓ నిమిషం చూసి, "కుదరదమ్మా" అనేసింది. ఆ పిల్ల ఏడుస్తూ వెళ్ళిపోయింది.

'ఏడవదూ మరి! ఇలాంటి చోటికి మనిషిని చూసి తెచ్చుకోవద్దూ?' అనుకుంటూ పెదనాన్న దర్జాగా కూర్చున్నాడు. ఎగ్జామినరు రాగానే, పెద్దమనిషి తరహాలో నోరారా నవ్వాడు.

ఆవిడ ఆగిపోయింది. వంగి చూసింది. రెండో ఎగ్జామినర్ని కేకేసి మరీ చూపించింది.

"ఎక్కడ పట్టావమ్మా ఈయన్ని! ఊఁ, మొదలుపెట్టు."

"హమ్మయ్య!" అంది తమ్ముడి కూతురు. దాని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

'నేను లేకపోతే దీని గతేమయ్యేదో!' అనుకుని మీసం దువ్వుకున్నాడు పెదనాన్న.

కుర్చీ మెల్లగా వెనక్కి వాలుతుండగా ఎదుటి గోడ మీది నోటీసు ఆయన కంటబడింది: "పళ్ళకు దట్టంగా గార పట్టిన మనిషిని వెంట తెచ్చుకోని అభ్యర్థులను పరీక్షకు అనుమతించరు."