ఊట దాటిన గీత

హద్దురాయి పాతడానికి తవ్విన గోతిలో ఒక ముసలామె దిగి కూర్చుంది.

సర్వేయర్‌కి ఒళ్లు మండింది. అడవిని రక్షిత ప్రాంతంగా ప్రకటించి, హద్దులు వేయమని ప్రభుత్వం పంపిన దగ్గర్నుంచీ ఇదే గోల. గీత కాస్త పైకి జరిపి తన చేను వదిలేయమని ప్రతివాడూ కాళ్లావేళ్లా పడుతున్నాడు.

"మీ చేను కూడా పోతోందా పెద్దమ్మా?"

"గీత తప్పు నాయనా. కిందికి జరుపు."

అడవంతటికీ ఉన్న ఒకే ఒక ఊట గీతకి బయట ఉండిపోయిందట. రేపు క్వారీవాళ్లు అక్కడ బండలు పేలిస్తే ఊట ఎండిపోతుందట. అది ఎండాక లోపల ఎంత అడవిని కాపాడినా మిగిలేది ఎండుకట్టెలేనట.

సర్వేయర్ మ్యాప్ చూపించాడు. పైవాళ్లు సంతకాలు పెట్టిన గీత, తన చేతుల్లో ఏమీ లేదన్నాడు.

"సంతకం పెట్టినవాళ్లని రమ్మను. అప్పటిదాకా లేవను."

అతని సైగతో గార్డులు చెరో రెక్కా పట్టుకుని లేపి, పక్కన కూర్చోబెట్టారు. వాళ్లు చేతులు దులుపుకునేలోగా మళ్లీ దిగింది.

మర్నాడూ అంతే. మూడోరోజు వాన పడితే బురదలోనే కూర్చుంది.

నాలుగోరోజు పెద్దాఫీసరు వచ్చాడు. ఊట చుట్టూ గంటసేపు తిరిగాడు. తడిమట్టిలో జంతువుల అడుగులు చూశాడు. గీత మూడువందల గజాలు కిందికి జరపమని మ్యాప్ మీదే రాసి సంతకం చేశాడు.

వారం పనంతా మళ్లీ మొదటికొచ్చింది. సర్వేయర్ మ్యాప్ చుట్టేసి ముసలామె వైపు తిరిగాడు.

"నెగ్గించుకున్నారుగా. మీకేం, కూర్చుని ఎన్నయినా చెబుతారు. పోగొట్టుకునేవాళ్లకి తెలుస్తుంది ఆ బాధ."

ఆమె చీర దులుపుకుని అతని మొహంలోకి చూసింది.

"రాయి గట్టిగా పాతు నాయనా. ఎవరొచ్చి బతిమాలినా పైకి జరపొద్దు. నేనొచ్చి బతిమాలినా సరే."

నెల తిరిగేసరికి, కొత్త గీత లోపలికి వచ్చిన ఇళ్లని ఖాళీ చేయించమని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తీరా చూస్తే లోపలికి వచ్చింది ఒకటే ఇల్లు. నోటీసు పట్టుకుని సర్వేయరే వెళ్లాడు.

తలుపులు బార్లా తీసి ఉన్నాయి. గదులు శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. లోపల మనిషి లేదు, సామాను లేదు.

దిగువన ఉండే ఆవిడని అడిగాడు. రాయి పాతిన రోజే మూట సర్దుకుని వెళ్లిపోయిందని, ఎక్కడికో ఎవరికీ చెప్పలేదని ఆవిడ అంది.

"ఎవరిదమ్మా ఈ ఇల్లు?"

"మీరు రెక్కలు పట్టి లేపించారే, ఆ పెద్దమ్మదే."