జోడు పాదాలు

"మిషన్ బాగైందా పాపా?" తంగమ్మాళ్ గుమ్మంలోనే నిలబడి అడిగింది.

కోవిల్‌పట్టిలో మూతపడిన అగ్గిపెట్టెల షెడ్డు అది. ఇప్పుడు అందులో ఊళ్లోవాళ్లు ఎవరైనా వచ్చి వాడుకునేలా పనిముట్లు పెట్టారు. కొత్తగా వచ్చింది సీఎన్‌సీ రూటర్. కంప్యూటర్లో బొమ్మ పెడితే చాలు, తనంతట తానే చెక్కలో చెక్కేస్తుంది. బల్ల మీద పట్టేంత మిషన్. దాన్ని బిగించడానికి ఇళవరసి రోజూ విరుదునగర్ నుంచి బస్సులో వస్తోంది.

"అయిందక్కా. గుండ్రం చెక్కి చూస్తి, చదరం చెక్కి చూస్తి. రెండూ సరిగ్గా వచ్చినాయి."

"అట్లైతే నా బిడ్డ పాదాలు?"

ఇళవరసి చేతిలో పానా బల్ల మీద పెట్టింది.

తంగమ్మాళ్ కొడుకు గోకులకృష్ణన్. అయిదేళ్లవాడు. పోయిన ఐప్పసి నెల, దీపావళి నాటి జ్వరాల్లో పోయాడు. అంతకు ముందు వేసవిలో ఇంటికి సిమెంటు గచ్చు వేయించారు. తడి ఆరకముందే వాడు గడప మీంచి రెండు కాళ్లతో లోపలికి దూకాడు. వాడు నడిచిందెప్పుడు, ఎప్పుడు చూసినా గెంతడమే. తిట్లు వాడికి, గుర్తు గచ్చుకి. ఆ జోడు పాదాలు వేళ్లు ఇంట్లోకి పెట్టుకుని అక్కడే గట్టిపడిపోయాయి. కుడికాలి చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉండేది. అది కూడా అచ్చుగుద్దినట్టు పడింది.

ఆ పాదాలను వేపపలక మీద అచ్చుగా చెక్కివ్వాలి. తంగమ్మాళ్ అడిగింది అదొక్కటే. కృష్ణజయంతికి గడప నుంచి దేవుడి గది దాకా చిన్ని పాదాలు వేస్తారు కదా. బియ్యప్పిండిలో ముంచి ఆ అచ్చు వేసుకుంటుందట.

ఆమె మొగుడు అప్పాసామి ముందురోజే వచ్చి వెళ్లాడు. ఒట్టపిడారం పక్క నల్లరేగడిలో పత్తి పండించే మనిషి. మాట తక్కువ.

"ఏడాది తిరగలేదుమా. చావు ఇంట్లో పండగేంది? ఆమె వాణ్ణి ఇంట్లోకి పిలస్తా ఉండాది. పోయినోళ్లను పిలవకూడదు. ఆ పాదాలు పడిన దినం నేను ఇంట్లో ఉండను. నువ్వు చేయొద్దు."

చేస్తే ఒక కాపురం కూలుతుంది. చేయకపోతే ఈ తల్లి మొహం చూడలేం. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"పండగ వద్దని అన్న చెప్పిపోయినాడక్కా," అంది ఇళవరసి మెల్లగా.

"పండగెవురు చేస్తా ఉండారు?" తంగమ్మాళ్ తల ఎత్తలేదు. "పొద్దుగూకితే గడప కాడ నిలబడుకోని ఉంటాడు పాపా. మొగం వాడిపోయి, నన్నే చూస్తా. పావం బిడ్డ. మా అత్త పేయికి, అదే దెయ్యానికి, కాళ్లు వెనక్కి తిరిగి ఉంటాయనేది. ఈ ఊరోళ్లు అసలు కాళ్లే లేవంటారు. కాళ్లు లేకపోతే వాడు ఎట్ల నడుస్తాడు, నువ్వే చెప్పు?"

షెడ్డు చూసుకునే సుబ్బురాజ్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

 ఇళవరసి ఏ నోటితో కాదంటుంది? సిమెంటు పాదాల ఫోటో కంప్యూటర్లో తెరిచింది. అచ్చు వేస్తే కుడి ఎడమవుతుంది కాబట్టి బొమ్మను ముందే తిప్పి పెట్టింది. మిషన్ గుర్రుమంది. పొట్టు లేచింది. చుట్టూ చెక్క తరిగిపోయి ఒక్కో వేలూ పైకి తేలుతుంటే తంగమ్మాళ్ కొంగు నోట్లో కుక్కుకుంది.

పిండి పూసి నేల మీద అద్దారు.

"ఇది వాడు కాదు," అంది తంగమ్మాళ్.

ఎక్కిన వేలు ఎడమకాలికి వచ్చింది.

"కాళ్లు తిరగబడినాయే," సుబ్బురాజ్ వెనక్కి జరిగాడు. "పేయి మిషన్లో దూరింది."

ఇళవరసి మిషన్ మూత విప్పింది. ఒక మోటారు వైర్లు తారుమారుగా ఉన్నాయి. తగిలించింది తనే. అది అటు నడవమంటే ఇటు నడిచింది, తను తిప్పిన బొమ్మను మళ్లీ తిప్పేసింది. గుండ్రానికీ చదరానికీ కుడేది, ఎడమేది? అందుకే ముందు తెలియలేదు. దెయ్యం లేదు, గియ్యం లేదు అని పైకే అనుకుంది. ధైర్యం మాత్రం రాలేదు.

వైర్లు మార్చి ఇంకో పలక చెక్కింది. ఈసారి వేలు కుడికాలికే ఎక్కింది. తంగమ్మాళ్ పలకను ఒళ్లో పెట్టుకుని ఆ వేలిని చాలాసేపు నిమిరింది.

"ఇంక దారి తప్పడు," అని లేచి వెళ్లిపోయింది.

కృష్ణజయంతి సాయంత్రం ఇళవరసికి కాలు నిలవలేదు. బస్సు వదులుకుని తంగమ్మాళ్ వీధికి వెళ్లింది. ప్రతి ఇంటి ముందూ తెల్లటి పాదాలు, అన్నీ లోపలికి వెళ్తున్నాయి. అప్పాసామి ఈపాటికి మూట సర్దుకుని పోయి ఉంటాడు. చేతులారా ఒక ఇల్లు కూల్చాను అనుకుంటూ నడిచింది.

అప్పాసామి వాకిట్లోనే ఉన్నాడు. ఒక చేతిలో పిండి గిన్నె. రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు. తంగమ్మాళ్ పలకను గుండెలకు హత్తుకుని మెట్టు మీద కూర్చుని ఉంది.

"పోలేదా అన్నా?"

"ఎట్ల పోతా? ఆమె ఒక్కతే వేయగలదా, గిన్నె పట్టేదానికి మనిషి వద్దా?"

ఇళవరసి వంగి నేల చూసింది.

దేవుడి గది దగ్గర మొదలైన పాదాలు, ఆ సిమెంటు పాదాలకు ఎదురుగా గెంతుకుంటూ గడప దాటి, వేళ్లన్నీ వీధివైపే పెట్టుకుని బయటికి వెళ్లిపోయాయి.