ఊదగలిగినవాళ్లు

"అద్దంలో చూసుకోకు. నా వైపు చూస్తూ ఉబ్బించు," అంది భార్య.

గనిలో రాయి తొలిచే డ్రిల్లరు బాకాను పెదవులకు ఆనించి బుగ్గలు ఉబ్బించాడు. శబ్దం లేదు.

"కళ్లు దొంగచూపులు చూస్తున్నాయి. ఊదేవాడికి మెడ నరాలు పొంగవూ?"

"నరాలకి కూడా అబద్ధాలు నేర్పమంటావా?"

"నేర్పకపోతే రేపు డాక్టరు ముందు చొక్కా విప్పుకుని నిలబడతావు."

గనిలో అందరికీ ఏటా ఛాతీ పరీక్ష ఉంది, గని బ్యాండువాళ్లకు తప్ప. బాకా ఊదగలిగినవాడి ఊపిరితిత్తులకు పరీక్షేమిటని మేనేజరు వాదన. పరీక్షలో తప్పినవాడికి మర్నాటి నుంచి పని ఉండదు. బొగ్గుదగ్గు పట్టుకున్న ఏడాదిగా డ్రిల్లరు ఆ బ్యాండు చాటునే నెట్టుకొస్తున్నాడు. పొట్టి స్వరాలు ఎలాగో ఊదేస్తాడు. చిక్కు ఇవాళే. గనిమనుషుల మీద సినిమా తీస్తున్న డైరెక్టరు, బ్యాండు పాట చివర బాకాలన్నీ కలిసి ఇరవై లెక్కపెట్టేంతసేపు ఊదే స్వరం కావాలన్నాడు. అప్పుడు డ్రమ్ము కూడా మోగకూడదట. రిహార్సలు వద్దట, మొహాలు వాడిపోతాయట.

షూటింగు హాల్లో ముందు వరుసలో మేనేజరు, అతని పక్కన డాక్టరు కూర్చున్నారు. మైకు మనిషి చెవులకు డిప్పలు తగిలించుకుని బాకాలు పట్టుకున్న తొమ్మిది మందినీ చూసుకుంటూ వచ్చాడు.

"ఒక్కొక్కరికీ ఒక్కో మైకు పెడతారా?" మామూలుగా అడుగుదామనుకున్నాడు డ్రిల్లరు. మాట పెద్దగా వచ్చేసింది.

"లేదండీ, అందరికీ కలిపి పైన ఒకటే."

పెద్ద బాకాను ఒంటికి చుట్టుకుని కూర్చున్న 'ఏనుగు' మోచేత్తో పొడిచాడు. "ఏం బావా, పెళ్లిచూపులకి వచ్చినట్టు ఆ చెమటలేంటి?"

"లైట్ల వేడిరా."

"ఆఖరి స్వరం నువ్వు గట్టిగా అందుకో. నీ వెనకే మేమంతా."

"నీ తొండం ముందు నా పీక ఎవడికి వినిపిస్తుందిరా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. తర్వాత ఇద్దరూ నేలచూపులు చూశారు.

ఇంతమందిలో తానొక్కడే దొంగ. ఆ సిగ్గు లోపల గీరుతూనే ఉంది. కానీ ధైర్యమిచ్చేదీ ఆ లెక్కే. ఎనిమిది మోగుతుంటే తొమ్మిదోది మోగలేదని ఏ డిప్పలకు తెలుస్తుంది?

కెమెరా తిరిగింది. డ్రమ్ము దడదడలాడింది. దాని చాటున పొట్టి స్వరాలన్నీ దాటించాడు. దగ్గు గొంతు దాకా వచ్చింది, మింగాడు. డాక్టరు కుర్చీలో ముందుకు వంగాడు.

డ్రమ్ము ఆగింది. బ్యాండు మాస్టరు చెయ్యి పైకెత్తాడు.

డ్రిల్లరు కళ్లు మూసుకున్నాడు. బుగ్గలు ఉబ్బించాడు, మెడ నరాలు బిగించాడు, మిగతా ఎనిమిది మంది మీద భారం వేశాడు.

తొమ్మిది బాకాల్లో ఒక్కటీ మోగలేదు.