ముందు బరువు

ముసలాయన మూడోరోజు కూడా వచ్చి రిహార్సల్ హాల్లో వెనక బెంచీ మీద కూర్చున్నాడు.

హాల్లో అందరూ బ్యాండ్ మాస్టర్ చేతుల్ని చూస్తుంటే, ఆయన మాత్రం బాకా ఎడమచేతినే చూస్తున్నాడు.

బాకా అంటే ఆ బ్యాండులో మొదటి ట్రంపెట్ వాయించేవాడు. తన గొప్పలు తానే ఊదుకుంటాడని తోటివాళ్ళు పెట్టిన పేరు.

ఆ ఎడమచేతి సంగతి అతను ఇన్నాళ్ళూ గుట్టుగా దాచాడు. ట్రంపెట్ ఎత్తిన పది నిమిషాలకే మణికట్టు పీకేస్తుంది. అది బయటపడితే మొదటి ట్రంపెట్ కుర్చీ పోతుంది. ఆ కుర్చీ కోసం రెండో ట్రంపెట్ వాడు ఎప్పటినుంచో కాచుక్కూర్చున్నాడు.

టీ విరామంలో ముసలాయన బాకా దగ్గరకొచ్చాడు.

"బాబూ, మణికట్టు నొప్పి పుడుతోందా?"

బాకా చప్పున చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ట్రంపెట్ ముందుకు వాలుతోంది. ఒక్కసారి ఇలా ఇస్తారా?"

"ఇవ్వను."

ముసలాయన తల ఊపి వెళ్ళిపోయాడు.

ఇంటికెళ్ళగానే బాకా భార్యను నిలదీశాడు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని అతని గట్టి నమ్మకం.

"నా చెయ్యి సంగతి ఎవరి చెవిన వేశావు?"

"మందు రాసి రాసి నా చేతులు పడిపోతున్నాయి, ఇంకా ఊరంతా చాటింపు కూడానా? డాక్టరు దగ్గరికి వెళ్ళమంటే వెళ్ళరు, నా మీద మాత్రం ఎగురుతారు!"

అయితే ఇది రెండో ట్రంపెట్ వాడి పనే అని తేల్చుకున్నాడు. ముసలాణ్ణి నిఘాకి పెట్టింది వాడే.

మర్నాడు ట్రంపెట్‌ని కుర్చీలో పెట్టి మంచినీళ్ళకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ముసలాయన దాని మీద వంగి ఉన్నాడు. ట్రంపెట్ ముందుభాగంలో ఉండాల్సిన, ఊడదీసి తగిలించే వంపు గొట్టం ఆయన చేతిలో ఉంది.

"దొంగ!"

హాలంతా తిరిగి చూసింది. బాకా ఆ గొట్టం లాక్కున్నాడు. దాని స్థానంలో అప్పటికే ఇంకో గొట్టం దూర్చి ఉంది.

"అసలుది కొట్టేసి నకిలీది తగిలిస్తావా?"

"ముందు వాయించండి బాబూ. తర్వాత ఎంత తిట్టినా పడతాను."

ఎంత పొగరు! బాకా ఆయన చొక్కా పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చాడు. ముసలాయన మెట్ల దగ్గర తూలి గోడ పట్టుకున్నాడు.

ఇంతలో మాస్టర్ చెయ్యెత్తాడు. గొట్టం మార్చే వ్యవధి లేదు. బాకా పళ్ళు కొరుకుతూ ఆ నకిలీతోనే మొదలుపెట్టాడు.

పది నిమిషాలు గడిచాయి. ఇరవై గడిచాయి. ముప్పావుగంట సంగీతమూ పూర్తయింది.

మణికట్టు కిమ్మనలేదు.

అయినా అనుమానం చావలేదు. లోపల ఏ లొసుగు పెట్టాడోనని, బ్యాండు వాయిద్యాలన్నీ బాగుచేసే, అందరూ అక్క అని పిలిచే ఆవిడ దుకాణానికి పరుగెత్తాడు.

అక్క రెండు గొట్టాలూ తూచింది. కొత్తది పాతదాంట్లో సగం బరువు కూడా లేదు.

"ముందు బరువు తగ్గింది తమ్ముడూ. ఇక దాన్ని ఎత్తిపట్టడానికి నీ చెయ్యి నానా అవస్థా పడక్కర్లేదు."

"ఏ దుకాణంలో ఎత్తుకొచ్చాడో!"

"దుకాణంలో దొరకదు. నీది చేత్తో చేసిన ట్రంపెట్. ఇలాంటివాటికి ఒకదాని గొట్టం ఇంకోదానికి పట్టదు. ఇది చూడు, వెంట్రుకవాసి తేడా లేకుండా దిగింది."

బాకా ఆ గొట్టాన్ని ఊడదీసి మళ్ళీ దూర్చి చూశాడు.

"ఇందాక ఆ ముసలాయన ఇక్కడికీ వచ్చాడు. ఆ బాబు చెయ్యి ఎలా ఉందో కనుక్కోమ్మా అన్నాడు. ఎక్కడికెళ్తున్నారంటే చెప్పకుండా బస్సెక్కేశాడు."

గుమ్మం దాకా ఈడ్చిన తన చేతుల్ని చూసుకుని బాకా సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఎవరక్కా ఆయన?"

"నీ ట్రంపెట్ చేసినాయనే. ముందు బరువెక్కువ పెట్టి ఎంతమంది చేతులు పాడుచేశానోనని, తను చేసినవి ఎవరెవరి దగ్గరున్నాయో వెతుక్కుంటూ తిరుగుతున్నాడు."